అప్‌డేట్: గట్టి సస్పెన్షన్ కారుకి చివరికి ఏం చేశానంటే

స్పోర్ట్ సస్పెన్షన్ ఉన్న మా కారులో వెనక కూర్చుంటే అమ్మకు నడుం నొప్పి వస్తోంది, స్ప్రింగులు మార్చాలా అని అడిగాను కదా. ముందు టైర్ల సంగతి చూడమని చాలామంది చెప్పారు. అదే చేశాను, స్ప్రింగుల జోలికి వెళ్లలేదు.

225/40 ఆర్18 (18 అంగుళాల రిమ్ము) టైర్లు తీసేసి 205/55 ఆర్16 (16 అంగుళాల రిమ్ము) వేయించాను. చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే, కానీ సైడ్‌వాల్, అంటే రిమ్ము అంచు నుంచి రోడ్డు వైపు ఉండే టైరు పక్క గోడ ఎత్తు, 90 మిల్లీమీటర్ల నుంచి సుమారు 113కి పెరిగింది. గుంత అంచు తగిలినప్పుడు నడుముకి తాకే ఆ పదునైన దెబ్బను ఇప్పుడు చాలావరకు రబ్బరే మింగేస్తోంది. అమ్మ దారంతా కబుర్లు చెబుతూ కూర్చుంటోంది. నాకు కావాల్సింది అదే!

స్టీరింగ్ తిప్పగానే కారు తిరిగే చురుకు కాస్త తగ్గింది, నిజమే. మలుపుల్లో ఒరగడం మాత్రం పెద్దగా పెరగలేదు, స్ప్రింగులు, యాంటీ రోల్ బార్ (కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) పాతవే కాబట్టి. పెద్ద ఎత్తుపల్లాల మీద బిగువు ఇంకా ఉంది. అది స్ప్రింగులు, డాంపర్ల (షాక్ అబ్జార్బర్ల) వల్ల వచ్చేది, టైరుతో పోదు.

మీరూ మారుస్తుంటే, చిన్న రిమ్ములో బ్రేక్ కాలిపర్ (డిస్కు మీద బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) పడుతుందో లేదో ముందు చూడండి. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) తగ్గకూడదు. మెత్తదనం కోసమని గాలి మాత్రం తగ్గించకండి, ఆ సైజుకు కంపెనీ చెప్పినంతే పెట్టించండి.