సొంతంగా రష్యన్: విభక్తుల దగ్గర ఊపు పోయింది, ఏం చేయాలి?

ఏడాదిగా టీచర్ లేకుండా రష్యన్ నేర్చుకుంటున్నాను. 33 అక్షరాలు తేలిగ్గానే వచ్చేశాయి. విభక్తులు 6 అంటే తెలుగువాళ్లకి అదో లెక్కా అనుకున్నాను. కానీ ఇక్కడ లింగం, వచనాన్ని బట్టి విశేషణం చివర కూడా మారిపోతుంది. షష్ఠీ బహువచనం దగ్గర చేతులెత్తేశాను. దానికి తోడు క్రియల జంటలు. 'చితాత్' (చదువుతూ ఉండటం) అనాలా, 'ప్రచితాత్' (చదివి ముగించడం) అనాలా అని తేల్చుకునేలోపు చెప్పాలనుకున్నదే మర్చిపోతాను.

రోజూ రాత్రి అరగంట కూర్చుంటాను. ఫ్లాష్‌కార్డుల యాప్ వాడాను. రెండు రోజులు మానేస్తే చాలు, రివిజన్ కార్డులు గుట్టలా పేరుకుపోతాయి, ఇక యాప్ తెరవాలంటేనే టెన్షన్. కార్టూన్లు పెట్టుకుంటే బొమ్మల్ని బట్టి కథ తెలిసిపోతోంది, మాట మాత్రం ఒక్క ముక్క చెవికెక్కట్లేదు. ఒక రష్యన్ స్నేహితుడితో వాయిస్ మెసేజ్‌లు మొదలుపెడితే, కొన్నాళ్లకే ఇద్దరం ఇంగ్లిష్‌లోకి జారిపోయాం. (పరీక్షకి ఫీజు కట్టేయమని మాత్రం చెప్పకండి, భయంతో చదవడం నాకు పడదు.)

ఇప్పుడు పుస్తకం తీసి పది నిమిషాలకే మూసేస్తున్నాను. సొంతంగా నేర్చుకుని ఈ దశ దాటినవాళ్లు చెప్పండి: విభక్తుల పట్టికలు పక్కన పెట్టి తేలికపాటి కథలు చదవడంలోకి దిగారా, లేక అవి బట్టీ పట్టాకే ముందుకెళ్లారా?