ఆడపేరుతోని మగాయన కథ: సంకలనంల ఉంచాల్నా, తియ్యాల్నా?

హన్మకొండ_పాఠకుడు:
మేం కొందరం మిత్రులం ఉత్తర తెలంగాణ రచయిత్రుల కథలు పుస్తకంగా తెస్తున్నం. బీడీ కార్మికురాలి కథ ఒకటి అందరికీ నచ్చింది. అందుల ఒక వాక్యం: ‘తునికాకులు కత్తిరించి, నీళ్లలో నానేసి పడుకుంది.’ కింద ఆడపేరు. పరిచయంల ‘ఏండ్లుగా బీడీలు చుడుతున్నాను’ అని ఉంది. పారితోషికం పంపుదామని బ్యాంకు ఖాతా అడిగితే మగాయన పేరొచ్చింది. ఫోన్ చేస్తే “కలం పేరండీ, తప్పేంది?” అన్నడు. ఏం చేద్దాం?

కాజీపేట_జంక్షన్:
ఉంచుండ్రి. గుమ్మడి విఠల్‌రావు అంటే ఎందరికి తెలుసు? గద్దర్ అంటే పొలం కాడి పోరడు సుత చెప్తడు. మా కాజీపేట సెయింట్ గేబ్రియల్ బడిల పాఠాలు చెప్పిన కె.జి. సత్యమూర్తి శివసాగర్ పేరుతోని కవిత్వం రాసిండు. ఆడపేరే తప్పంటరా, పురాణం సుబ్రహ్మణ్యశర్మ ‘పురాణం సీత’ పేరుతోని ఇల్లాలి ముచ్చట్లు రాస్తే జనం ఎగబడి చదివిన్రు.

వడ్డేపల్లి_కట్ట:
మూడు వేరు వేరు సంగతులు ఒక్క తట్టల పోసినవ్ అన్నా. శివసాగర్ నక్సలైట్ ఉద్యమంల ఉన్న మనిషి, సొంత పేరు బయటపడితే ప్రాణం మీదికి వస్తది. గద్దర్ పేరు తెల్లోళ్ల మీద కొట్లాడిన 1913 నాటి గదర్ పార్టీది. మనిషి గొంగడేసుకుని ఎదురుంగనే ఆడిండు, దాచిందేం లేదు. పురాణం గారు తను ఎడిటర్‌గా ఉన్న వారపత్రికల రాసుకున్నడు. రచయిత్రుల కోసం పెట్టిన చోట దూరలే. ఈయన దూరిండు, పైంగ చెయ్యని కూలి చేసిన్నని రాసిండు.

స్పెయిన్‌ల ఇదే అయింది. నవలలు రాసే కార్మెన్ మోలా అంటే ముగ్గురు పిల్లల తల్లి, ప్రొఫెసరమ్మ అని ప్రచారం చేసిన్రు. 2021ల పది లక్షల యూరోల ప్లానెటా బహుమతి ఇస్తే తీసుకునేటందుకు ముగ్గురు మగోళ్లు స్టేజీ ఎక్కిన్రు! మాడ్రిడ్‌ల ఆడవాళ్ల పుస్తకాల షాపొకటి ఆ పుస్తకాలు తీసి పక్కకు పెట్టింది.

బాలసముద్రం_వకీలు:
కలం పేరు నేరం కాదు. 1957 కాపీరైట్ చట్టం 23వ సెక్షన్ దానికి రక్షణ కూడా ఇస్తుంది: అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆలోపు అసలు పేరు బయటపెడితే, రచయిత చనిపోయాక 60 ఏళ్లు. కాబట్టి చట్టం వదిలేయండి. కథలు పంపమన్న మీ ప్రకటనలో ‘రచయిత్రులకు మాత్రమే’ అని ఉందా లేదా, అది చూడండి.

జగిత్యాల_బిడ్డ:
మా అమ్మ బీడీలు చుట్టి మమ్మల్ని సాదింది. ఆకు ముందుగాల నానేస్తరు, తడి గోనెసంచిల చుట్టి పెడ్తరు, మెత్తవడ్డంకనే రేకు పెట్టి కత్తిరిస్తరు. ఎండాకు మీద కత్తెర పెడితే పొడి పొడి అయితది. ఈ సారు చాట ముంగట ఒక్కనాడన్న కూసుంటే గిట్ల రాయకపోవు.

కాజీపేట_జంక్షన్:
ఆకు తప్పు ఎడిటర్ దిద్దుతడు చెల్లే. మగోడు ఆడోళ్ల గురించి రాయొద్దంటే సగం సాహిత్యం మూటగట్టాలె.

జగిత్యాల_బిడ్డ:
రాయొద్దని ఎవరన్నరన్నా? పరిచయంల అబద్ధం ఎందుకంటున్న.

హన్మకొండ_పాఠకుడు:
ప్రకటన చూసినం, ‘రచయిత్రులకు మాత్రమే’ అనే ఉంది. సంకలనంల నుంచి తీసేస్తున్నం. వచ్చేసారి అందరి కథలు వేసేటప్పుడు ఏ కలం పేరుతోనన్నా పంపమన్నం, పరిచయం మాత్రం నిజం ఉండాలె. ఆయన ఇంక మాట్లాడలే. చెల్లే, ఆ ఖాళీల మీ అమ్మ కథ ఇయ్యరాదు?

జగిత్యాల_బిడ్డ:
అమ్మకు రాసుడు రాదు. తను చెప్తే నేను రాస్త. పేరు అమ్మదే పెట్టాలె.

కాజీపేట_జంక్షన్:
ఆగుండ్రి! రాసేది బిడ్డ, పేరు తల్లిది. గిదేంది మరి?

జగిత్యాల_బిడ్డ:
‘చెప్పింది అమ్మ, రాసింది బిడ్డ’ అని రెండు పేర్లు వేయించుకుంట, తీ. ఆకు సంగతి సుత సరిగ్గనే ఉంటది.