కార్తహేనా రోమన్ రంగశాల ఊరి నడుమనే ఉండి కనుమరుగు ఎలా అయింది?

ప్రశ్న (హనుమకొండ):
స్పెయిన్‌లోని కార్తహేనా పట్టణంలో 1988లో ఒక భవనం కోసం నేల తవ్వుతుండగా రోమన్ రంగశాల బయటపడిందని చదివాను. సుమారు 6,000 మంది కూర్చోగల రాతి కట్టడం ఊరి నడుమనే ఉండి కూడా ఎవరి ఎరుకలోనూ లేకుండా ఎలా పోయిందో అంతుపట్టడం లేదు. భూకంపం వచ్చిందా, వరద మట్టి కప్పిందా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (కరీంనగర్):
దానిని పూడ్చినది మనుషులేనండీ. క్రీ.పూ. 5–1 సంవత్సరాల నడుమ, అగస్టస్ చక్రవర్తి కాలంలో, కొండవాలును తొలిచి అర్ధవృత్తాకారంలో మెట్ల వరుసలు తీర్చారు. ఆయన మనుమలు గైయస్, లూసియస్‌ల పేర్లు చెక్కిన శాసనాలు దొరకడం వల్ల కాలనిర్ణయం సులువైంది. నాటకాలు నిలిచిపోయాక క్రీ.శ. 5వ శతాబ్దంలో ఆ చోటనే అంగడి వెలసింది, దాని గోడలకు రంగశాల రాళ్లనే వాడుకున్నారు. తరువాత బైజాంటియన్ల (తూర్పు రోమన్ సామ్రాజ్యం వారి) కాలపు ఇళ్లు, 13వ శతాబ్దంలో పైమెట్ల మీద చర్చి, ఇటీవలి కాలం వరకు జాలరుల వాడ, ఇలా ఒకదానిపై ఒకటి వచ్చి చేరాయి.

మన వైపు పాటిగడ్డలు ఏర్పడిన తీరు కూడా ఇదే. ఇల్లు కూలితే మట్టిని చదును చేసి, దాని మీదనే మరో ఇల్లు కడతారు. తరాలు గడిచేకొద్దీ గడ్డ ఎత్తు పెరుగుతుంది. మా చేనికి పాటిమన్ను తోలిన ఏడు, దున్నుతుంటే నాగలి కర్రుకు పాతకుండల పెంకులు తగిలేవి. లోపల నల్లగా, బయట ఎర్రగా ఉన్న ఆ పెంకులను కడిగి వేలితో రుద్దితే ఎంత నునుపో!

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషమండీ. మరి రంగశాలను వెలికితీయడానికి ఆ చర్చిని కూల్చివేశారా?

సమాధానం (ఖిలా వరంగల్):
లేదండీ. 1936–39 అంతర్యుద్ధంలో అది శిథిలమైంది, ఆ శిథిలాలను అలాగే కాపాడుకున్నారు. వాస్తుశిల్పి రఫాయెల్ మొనెయో రూపొందించి, 2008లో తెరిచిన మ్యూజియం నుంచి చర్చి కింద సాగే నడవా గుండా సందర్శకులు నేరుగా మెట్ల వరుసల మీదికి చేరుకుంటారు. నాకు అన్నిటికంటే నచ్చినది ఈ నిర్ణయమే. మా కోటలో కీర్తి తోరణాల నడుమ కాకతీయుల గుడి శిథిలాలు, ఆ పక్కనే తరువాతి కాలపు ఖుష్ మహల్, మట్టికోట లోపల నేటికీ కాపురమున్న ఇళ్లు ఉన్నాయి. ఒక కాలపు ఆనవాలు కోసం మరొక కాలపు ఆనవాలును చెరిపివేయాలని ఎవరైనా అన్నప్పుడల్లా నేను కార్తహేనాను చూపుతాను.