7వ లెవల్లో తోడేలుని లార్జ్ చెయ్యాలా, మీడియంలోనే ఉంచాలా?

పొట్టిరౌతు:
పాత్‌ఫైండర్ (డైస్ వేసి ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్) ఫస్ట్ ఎడిషన్ ఆడుతున్నాం, నాది హాఫ్లింగ్ (పొట్టి జాతి) కావలియర్ (జంతువు ఎక్కి పోరాడే యోధుడు), ఎక్కి తిరిగేది తోడేలు. వచ్చేది 7వ లెవల్. రూల్ ప్రకారం తోడేలు అక్కడ లార్జ్ (మీడియం కన్నా ఒక సైజు పెద్దది) అవుతుంది, బలం +8, కాన్ (ఒంటి గట్టితనం) +4, డెక్స్ (చురుకుదనం) -2. అది వద్దనుకుంటే డెక్స్ +2, కాన్ +2 తీసుకుని మీడియంలోనే ఉంచుకోవచ్చు. మా వాళ్ళంతా "+8 వదిలేస్తావా, పిచ్చా నీకు" అంటున్నారు. నాకేమో మీడియమే నయం అనిపిస్తోంది, మీరేమంటారు?

గదాధారి:
మీ వాళ్ళు చెప్పిందే కరెక్ట్ బ్రో. తోడేలుకి కాటు ఒక్కటే ఎటాక్ కాబట్టి బలం బోనస్ ఒకటిన్నర రెట్లు పడుతుంది, డ్యామేజ్ డైస్ కూడా 1డి6 (ఆరు ముఖాలది) నుంచి 1డి8 (ఎనిమిది ముఖాలది) అవుతుంది, సైజు పెనాల్టీ తీసేసినా హిట్ రోల్‌కి +3 మిగులుతుంది. అన్నిటికన్నా ట్రిప్ (శత్రువుని కింద పడేయడం)! కాటు తగిలితే ఫ్రీగా ట్రిప్ వస్తుంది కదా, అది ఏకంగా +5 పెరుగుతుంది, హ్యూజ్ (లార్జ్ కన్నా పెద్ద సైజు) రాక్షసుల్ని కూడా పడగొట్టొచ్చు. కిందపడ్డవాడి ఏసీ (దెబ్బ తగలకుండా కాపాడే అంకె) దగ్గరి ఎటాక్స్‌కి 4 తగ్గుతుంది, అది పార్టీ మొత్తానికి లాభం.

లాన్స్‌మాస్టారు:
గదాధారి గారి లెక్కల్లో తప్పేం లేదు, కానీ కావలియర్ బిల్డ్‌లో డ్యామేజ్ ఎవరు చేస్తున్నారో చూడండి. స్పిరిటెడ్ ఛార్జ్ (జంతువు మీద దూసుకెళ్ళి పొడిచే నైపుణ్యం) ఉంటే లాన్స్ (పొడవాటి ఈటె) దెబ్బ మూడింతలు. ఆ లాన్స్ తగిలేది 10 అడుగుల దూరంలో, తోడేలు నోరు అందేది 5 అడుగులే (లార్జ్ అయినా అంతే), అంటే ఛార్జ్ చేసిన రౌండ్లో ఆ +8 ఎందుకూ పనికిరాదు. మనకి కావాల్సింది ఛార్జ్‌కి దారి. 5 అడుగుల సందులో లార్జ్ జంతువు నక్కి నక్కి పోవాలి, ఎటాక్‌కి -4, ఏసీకి -4, మ్యాప్‌లో ప్రతి గడికీ రెండు గడుల నడక ఖర్చు, నడక నెమ్మదిస్తే ఇంక ఛార్జ్ ఎక్కడిది? డంజన్ (నేలమాళిగ) మెట్ల దగ్గర తోడేలుని వదిలేసి నడిచొచ్చే కావలియర్ అంటే సగం కావలియరే. నేను జీఎంగా (ఆట నడిపేవాడిగా) కూర్చున్నప్పుడు ఇది చూసి చూసి బాధేసింది, పాపం ఆ ప్లేయర్ సెషనంతా కత్తి పట్టుకుని గోడ పక్కన నిలబడాల్సిందే.

ఇంకోటి, పెరిగితే పాత కవచం పట్టదు. చెయిన్ షర్ట్ మనిషికి 100 గోల్డ్, మీడియం జంతువుకి 200, లార్జ్‌కి 400.

గదాధారి:
మాస్టారూ, ఛార్జ్ ఫైటంతా నడవదు కదా. రెండో రౌండ్ నుంచి శత్రువులు చుట్టుముడతారు, అప్పుడు పనిచేసేది కాటే. పైగా మీడియం తోడేలు మీదుంటే మనిషి సైజు శత్రువు మీద ఎత్తు బోనస్ +1 కూడా రాదు, ఎక్కిన జంతువు కన్నా వాడు చిన్నగా ఉండాలి. ప్రాణం సంగతికొస్తే లార్జ్‌కే 6 హెచ్‌పీ ఎక్కువ, ఏసీ మీడియంకి ఎక్కువయ్యేది 1 మాత్రమే.

లాన్స్‌మాస్టారు:
చుట్టుముట్టనివ్వకుండా ఉండటానికే రైడ్‌బై ఎటాక్, పొడిచి అలాగే ముందుకు దూసుకుపోవడం. దానికి శత్రువు వెనకాల కూడా ఖాళీ ఉండాలి, ఆ ఖాళీ మీడియంకి దొరికినంత తేలిగ్గా లార్జ్‌కి దొరకదు. ఏసీలో తేడా 1 మాత్రమే అన్నారు, రిఫ్లెక్స్ సేవ్‌లో (ప్రమాదం నుంచి చటుక్కున తప్పుకునే రోల్‌లో) తేడా 2 అండీ, ఫైర్‌బాల్ (మంటల స్పెల్) పడ్డప్పుడు తెలుస్తుంది. మౌంటెడ్ కాంబాట్ నైపుణ్యంతో రైడ్ చెక్ (స్వారీ రోల్) వేసి తోడేలుకి తగలకుండా ఆపేది రౌండుకి ఒక్క హిట్టే, అదీ ఫైర్‌బాల్‌ని ఆపదు.

ఆకుపచ్చ:
పార్టీలో డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాల వాడు) ఉంటే రెడ్యూస్ యానిమల్ (జంతువుని ఒక సైజు చిన్నది చేసే స్పెల్) వెయ్యమనండి, వాడి లెవల్‌కి గంట చొప్పున ఉంటుంది. బయట లార్జ్, లోపల మీడియం.

పొట్టిరౌతు:
మా పార్టీలో డ్రూయిడ్ లేడు, రేంజర్ ఉన్నాడు గానీ వాడికి ఆ స్పెల్ రావడానికి ఇంకా చాలా లెవల్స్ పడుతుంది. రాబోయేది మొత్తం భూమి కింద సొరంగాలే అని జీఎం ముందే చెప్పాడు, కాబట్టి మీడియమే తీసుకుంటున్నా. గదాధారి అన్నా, ట్రిప్ మాట మాత్రం కొట్టిపారెయ్యట్లేదు, బహిరంగ మైదానాల్లో నడిచే కథ అయ్యుంటే మీ మాటే వినేవాణ్ణి.