వ్రాయించినవారు, వ్రాయించుకున్నవారు: ‘సిట్టర్’ అనే మాటకు తెలుగు

చిత్రకారుని ఎదుట కుదురుగా కూర్చుని తన రూపం గీయించుకునే వ్యక్తిని ఆంగ్లంలో ‘సిట్టర్’ అంటారు కనుక, తెలుగులో ‘కూర్చున్నవారు’ అని రాస్తే సరిపోతుందా అని ఒక మిత్రులు అడిగారు. సరిపోదని నా గట్టి అభిప్రాయం. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ ఆస్థాన చిత్రకారుడైన హాన్స్ హోల్బైన్ పటాలను వరుసగా చూస్తే ఆ మాట ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది.

1533లో ఆయన వేసిన ‘రాయబారులు’ పటంలో ఫ్రెంచి రాయబారి డింట్‌విల్, ఆయన మిత్రుడు జార్జ్ ద సెల్వ్ ఇద్దరూ నిలబడే ఉన్నారు. డెన్మార్క్ రాకుమారి క్రిస్టీనా నిలువెత్తు పటంలోనూ ఆమె నిలబడే కనిపిస్తుంది. వారిని ‘కూర్చున్నవారు’ అంటే చదువరి పటం చూసి తికమకపడతాడు.

ముందు, ఇలా గీసిన మనిషి రూపాన్ని ఆంగ్లంలో ‘పోర్ట్రెయిట్’ అంటారు కదా, దాని సంగతి చూద్దాం. ముఖచిత్రం అంటే ఇప్పుడు పత్రిక అట్ట మీది బొమ్మ అనే అర్థమే స్థిరపడింది. రూపచిత్రం తప్పు కాదు గాని, నాకు ‘చిత్తరువు’ అంటేనే ఇష్టం. అది చిత్రమనే మాటకు వికృతి. ఆశ్చర్యంతో కదలక మెదలక ఉండిపోయిన మనిషిని ‘చిత్తరువులా నిలబడిపోయాడు’ అంటాం కనుక, చిత్రకారుని ఎదుట ఉండవలసిన నిశ్చలత్వం ఆ మాటలోనే ఉంది. పాత తెలుగులో చిత్తరువును ‘వ్రాస్తారు’ కూడా. అక్షరానికీ బొమ్మకూ ఒకే క్రియ.

ఆ క్రియలోనే మన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. వ్రాయించడం వేరు, వ్రాయించుకోవడం వేరు. డింట్‌విల్ తన చిత్తరువును తానే వ్రాయించుకున్నాడు. క్రిస్టీనా విషయం అలా కాదు. మిలాన్ డ్యూకు భార్యగా వెళ్ళి భర్తను పోగొట్టుకున్న ఆ పదహారేళ్ళ పిల్లను పెళ్ళాడాలని ఆలోచిస్తున్న హెన్రీ, ఆమె ఎలా ఉంటుందో చూడటానికి 1538 మార్చిలో హోల్బైన్‌ను బ్రస్సెల్స్‌కు పంపించాడు. ఆయనకు దొరికింది మూడు గంటల సమయం మాత్రమే. ఆ కాస్త వ్యవధిలో గీసుకున్న రేఖల ఆధారంగా, విధవ ధరించే నల్లని దుస్తులతో, ముడిచిన చేతులతో ఆయన వేసిన పటం ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. పెళ్ళి మాత్రం జరగలేదు. మరుసటి ఏడు క్లీవ్స్ రాకుమారి ఆన్ చిత్తరువును కూడా హెన్రీయే వ్రాయించాడు. 1540లో జరిగిన ఆ పెళ్ళి కొద్ది నెలలకే రద్దయింది.

ఈ ఇద్దరు స్త్రీలనూ ‘వ్రాయించుకున్నవారు’ అంటే, ఆ కోరిక వారిదేనన్న తప్పు అర్థం వస్తుంది. ఆంగ్లపు ‘సిట్టర్’లో ఈ తేడా కనబడదు, మన క్రియకు ‘వ్రాయించుకొను’లో లాగా ‘కొను’ చేరిందా లేదా అన్నదానిలో కనబడుతుంది. కాబట్టి ఒకే పారిభాషిక పదం కోసం పట్టుబట్టకుండా, సాధారణంగా ‘చిత్తరువులోని వ్యక్తి’ అని, ఎవరి కోరికపై వేశారో తెలిసినచోట క్రియను బట్టి రాయాలని నా సూచన. పటం కింద వివరణ రాయవలసివస్తే నేనిలా రాస్తాను: డింట్‌విల్ హోల్బైన్ చేత తన చిత్తరువు వ్రాయించుకున్నాడు, హెన్రీ హోల్బైన్ చేత క్రిస్టీనా చిత్తరువు వ్రాయించాడు.