పార్టీకి విరాళమిచ్చిన కంపెనీకే ప్రభుత్వ టెండరు దక్కితే చట్టం దానిని లంచమని ఎందుకు అనదు?

గోదావరి పాఠకుడు (ప్రశ్న):
2024 మార్చిలో ఎన్నికల బాండ్ల (ఇచ్చినవారి పేరు బయటపెట్టకుండా పార్టీలకు విరాళమివ్వడానికి బ్యాంకులో కొనే పత్రాల) వివరాలు బయటపడినప్పుడు, హైదరాబాదు కేంద్రంగా ఉన్న మేఘా ఇంజనీరింగ్ సంస్థ 966 కోట్ల రూపాయల బాండ్లతో కొనుగోలుదారులలో రెండవ స్థానంలో నిలిచింది. 2023 ఏప్రిల్‌లో ఆ సంస్థ 140 కోట్ల బాండ్లు కొన్నది. మరుసటి నెలలోనే ముంబై ప్రాంతంలో దాదాపు 14,400 కోట్ల విలువైన ఠాణే–బోరివలి జంట సొరంగాల పని దానికి దక్కింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూపినవారు చాలామందే గాని, అంతమాత్రాన నేరం రుజువైనట్లేనా అన్నది విడమరచి చెప్పినవారు నాకు కనిపించలేదు. తెలిసినవారు వివరించగలరు.

కోర్టు వరండా:
రుజువైనట్లు కాదు. అవినీతి నిరోధక చట్టం కింద కేసు నిలవాలంటే, ఫలానా అధికారి లేదా మంత్రి అనుచిత ప్రయోజనం ఆశించి ఫలానా పని చేశారని సాక్ష్యాలతో చూపాలి. బాండ్ల విషయంలో డబ్బు వెళ్లింది పార్టీ ఖాతాకు, టెండరు ఖరారు చేసింది ఒక ప్రభుత్వ సంస్థ. ఈ రెంటినీ కలిపే ఉత్తరమో, సాక్షి వాంగ్మూలమో లేనిదే తేదీల దగ్గరితనం అనుమానానికి పనికివస్తుంది గాని శిక్షకు చాలదు.

విచిత్రమేమిటంటే, 2024 ఫిబ్రవరి 15న బాండ్ల పథకాన్ని కొట్టివేసిన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే, కంపెనీలు ఇచ్చే విరాళాలు ప్రతిఫలం ఆశించి చేసే వ్యాపార లావాదేవీలని తీర్పులో రాసింది. మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితిని 2017లో ఎత్తివేసిన సవరణను కూడా చెల్లదన్నది. అయినా ఈ ఇచ్చిపుచ్చుకోవడాలపై ప్రత్యేక దర్యాప్తు బృందం వేయాలని కోరినప్పుడు, అదే ఏడాది ఆగస్టు 2న సుప్రీంకోర్టు నిరాకరించి, ఎవరికైనా నిర్దిష్టమైన ఫిర్యాదు ఉంటే మామూలు క్రిమినల్ చట్టం మార్గంలో వెళ్లమన్నది. ఆ మార్గంలో వెళ్లే సామాన్యుడికి టెండరు ఫైలు ఎవరు చూపిస్తారో మాత్రం చెప్పలేదు.

ఎక్సెస్ లెస్:
టెండర్లు తయారుచేసే పనిలో చాలాకాలంగా ఉన్నాను కనుక రెండు మాటలు. మీరు విరాళం తేదీ, టెండరు దక్కిన తేదీ చూస్తున్నారు; అసలు చూడవలసినది టెండరు ప్రకటన వెలువడక ముందు జరిగే పని. అర్హత నిబంధనలలో ‘ఇంత వ్యాసం గల సొరంగాన్ని ఇంత పొడవున ఇన్నేళ్లలోపు తవ్వి ఉండాలి’ అని ఒక్క వాక్యం చేరిస్తే, పోటీకి వచ్చేవారు పదిమంది నుంచి ఇద్దరికి పడిపోతారు. ఆ వాక్యం సాంకేతికంగా సమర్థించుకోదగినదే అయి ఉంటుంది, అందువల్ల ఏ ఆడిటరూ దానిని పట్టుకోలేడు. ఇక అంచనాను ముందే ఉబ్బించి ఉంచితే, గుత్తేదారు నాలుగు శాతం లెస్‌కు (అంచనా కన్నా తక్కువకు) వేసినా ప్రభుత్వానికి డబ్బు మిగిల్చినట్లే కాగితం మీద కనిపిస్తుంది. పని మొదలయ్యాక బిల్లు పెంచుకోవడానికి అదనపు అంశాలు, పరిమాణాల మార్పు, ధరల సవరణ ఎటూ ఉండనే ఉంటాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన న్యాయ సమీక్ష చట్టం, 100 కోట్లు దాటిన పనుల టెండరు పత్రాలను ప్రకటనకు ముందే ఒక న్యాయమూర్తి ముందు ఉంచి ప్రజల అభ్యంతరాలు వినాలన్నది. అది నడిచిన తీరు ఎలా ఉన్నా, వేలు పెట్టిన చోటు సరైనదని నా అభిప్రాయం.

ధరలు చూడకముందు అర్హతలను పరిశీలించే సాంకేతిక బిడ్ల దశ కూడా ఇలాంటిదే. ఠాణే ప్రాంతంలోనే మరొక సొరంగం, ఎత్తైన రోడ్డు టెండర్లలో ఎల్ అండ్ టీ నిర్మాణ సంస్థను ఆ దశలోనే పక్కన పెట్టగా, దాని ధర దాదాపు 3,000 కోట్లు తక్కువన్న సంగతి 2025 మే నెలలో సుప్రీంకోర్టులో చర్చకు వచ్చింది; చివరకు ముంబై ప్రాంతీయ అభివృద్ధి సంస్థ ఆ టెండర్లను రద్దు చేసుకున్నది. దీనికీ విరాళాలకూ సంబంధం ఉందని ఎక్కడా తేలలేదు, నేనూ అనడం లేదు. ధరల కవరు తెరవకముందే ఎంత తేల్చవచ్చునో చూపడానికే చెప్పాను.

గోదావరి పాఠకుడు:
వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే ప్రభుత్వ పనులు చేసే కంపెనీ అసలు విరాళమే ఇవ్వకూడదని ఒక్క నిబంధన పెడితే సరిపోదా?

కోర్టు వరండా:
అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ గుత్తేదారులకు ఆ నిషేధం 1940 నుంచీ ఉంది. అయితే సంస్థ యజమాని తన సొంత డబ్బు ఇవ్వడాన్ని అది ఆపలేదు. మన దేశంలోనూ కంపెనీల విరాళాలను 1969లో పూర్తిగా నిషేధించి, 1985లో మళ్లీ అనుమతించారు. నిషేధం ఉన్న ఆ కాలంలో డబ్బు ఆగలేదు, నల్లధనం రూపంలో నడిచిందన్నదే సాధారణంగా వినిపించే మాట.

పార్టీలు తమంతట తాము ఈ నిబంధన తెస్తాయని నేను అనుకోను. మేఘా బాండ్లలో బీజేపీకి సుమారు 584 కోట్లు, బీఆర్‌ఎస్‌కు 195 కోట్లు, డీఎంకేకు 85 కోట్లు వెళ్లగా, వైకాపా, తెదేపా, కాంగ్రెస్‌లకు కూడా వాటా అందింది. గుమ్మడికాయల దొంగ ఎవరని అడిగితే అందరూ భుజాలు తడుముకోవలసిన వ్యవహారమిది.

ఇంకొక సంగతి గమనించండి. బాండ్లు పోయాక పెద్ద విరాళాలకు ఎన్నికల ట్రస్టులు (కంపెనీల నుంచి డబ్బు సేకరించి పార్టీలకు పంచే సంస్థలు) ముఖ్యమైన దారి అయ్యాయి. ట్రస్టు ఏటా ఇచ్చే నివేదికలో డబ్బు ఇచ్చిన కంపెనీల పేర్లు ఒకచోట, తీసుకున్న పార్టీల పేర్లు మరొకచోట ఉంటాయి. మధ్యలో అంతా ఒకే ఖాతాలో కలిసిపోతుంది కనుక, ఏ కంపెనీ డబ్బు ఏ పార్టీకి చేరిందో చాలా సందర్భాలలో దానినిబట్టి తేల్చలేము.