బ్లూ కార్డుపై 27 నెలలు నిండాయి: జర్మనీ పీఆర్‌కు ఇప్పుడు దరఖాస్తు పెట్టుకోవచ్చా?

ప్రశ్న (స్టుట్‌గార్ట్ నుంచి)

అందరికీ నమస్కారం. నేను 2023 సెప్టెంబరు 1న బ్లూ కార్డుపై (ఉన్నత నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) ఇక్కడ ఉద్యోగంలో చేరాను. ఈ 2025 నవంబరు చివరికి 27 నెలలు నిండాయి కాబట్టి, హైదరాబాద్‌లో ఉండగానే రాసిన ఏ1 (ప్రారంభ స్థాయి జర్మన్ భాష) పరీక్ష ధ్రువపత్రంతో శాశ్వత నివాస అనుమతికి (పీఆర్) దరఖాస్తు పెట్టుకోవచ్చని ఇన్నాళ్లూ ధీమాగా ఉన్నాను. అయితే నా ఉద్యోగంలో మధ్యలో రెండుసార్లు విరామం వచ్చింది. 2024 జూలై 31తో మొదటి సంస్థ మా విభాగం మొత్తాన్ని తీసేసింది. నిరుద్యోగ భృతి రావాలంటే 12 నెలల బీమా చందా ఉండాలి, నాకు 11 నెలలే ఉంది. ఆ రెండు నెలలూ దాచుకున్న డబ్బుతో నెట్టుకొచ్చి, అక్టోబరు 1న ఇప్పటి సంస్థలో చేరాను. ఆ తరువాత ఖమ్మంలో నాన్నగారికి గుండె ఆపరేషన్ జరగడంతో 2025 ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 30 వరకు జీతం లేని సెలవుపై వెళ్లాను.

ఈ నెలలను కూడా కలిపి లెక్కిస్తారా? ఏ1 కన్నా పై స్థాయి అయిన బీ1 పరీక్ష కూడా ఒకసారి రాశాను. చదవడం, వినడం, రాయడం మూడింటిలోనూ ఉత్తీర్ణత వచ్చింది కానీ, మాట్లాడే భాగంలో 60 రావాల్సింది, 52 మార్కులే వచ్చాయి. నా భార్య 2024 జనవరిలో వచ్చింది, వారానికి 25 గంటలు ఉద్యోగం చేస్తోంది. ఆమెకు పీఆర్ ఎప్పుడు వస్తుందో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (మ్యూనిక్ నుంచి)

ముందుగా మీ నాన్నగారు కోలుకున్నారని ఆశిస్తున్నాను. మీ లెక్కలో ఒక పొరపాటు ఉంది, చాలామంది మనవాళ్లు చేసేదే. జర్మనీలో అడుగుపెట్టిన రోజు నుంచి నెలలు లెక్కపెట్టకూడదు. నివాస చట్టం 18సి సెక్షన్ ప్రకారం బ్లూ కార్డు ఉన్నవారు 27 నెలలు ఉద్యోగం చేసి ఉండాలి, ఆ కాలానికి పింఛను చందా కూడా కట్టి ఉండాలి. బీ1 స్థాయి జర్మన్ వస్తే 27 నెలలకు బదులు 21 నెలలు చాలు. 2023 నవంబరు 18కి ముందు ఏ1తో 33 నెలలు పట్టేది, ఆ రోజు నుంచి 27కు తగ్గించారు.

ఇప్పుడు మీ నెలలు చూద్దాం. మొదటి ఉద్యోగంలో 2023 సెప్టెంబరు నుంచి 2024 జూలై వరకు 11 నెలలు. రెండో ఉద్యోగంలో 2024 అక్టోబరు నుంచి 2025 నవంబరు వరకు 14 నెలలు, అందులో జీతం లేని సెలవు మూడు నెలలు. జీతం లేకుండా ఒక నెల దాటితే యజమాని మిమ్మల్ని సామాజిక బీమా నుంచి తొలగించినట్టు నమోదు చేయాలి, కాబట్టి ఆ మూడు నెలలనూ పక్కన పెట్టి లెక్కవేసుకోవడమే క్షేమం. అప్పుడు మిగిలేవి 11, మొత్తం 22 నెలలు. అంటే ఏ1తో అయితే 2026 ఏప్రిల్ చివరి దాకా ఆగాలి. బీ1 చేతికొస్తే మీకు అర్హత ఇప్పటికే ఉంది. మీకు అడ్డుగా ఉన్నది మాట్లాడే భాగంలోని ఎనిమిది మార్కులు మాత్రమే.

ఇంకో మాట. పింఛను సంస్థ అయిన డాయ్చె రెంటెన్‌ఫెర్జిషరుంగ్ వారి వెబ్‌సైటులో మీ బీమా చరిత్ర పత్రం కోరితే ఇంటికి పోస్టులో వస్తుంది. నాకు వచ్చినప్పుడు ఆ ఏడాది నెలలేవీ కనిపించక కంగారుపడ్డాను. యజమాని ఏడాది మొత్తానికి కలిపి ఇచ్చే నివేదికను మరుసటి ఏడాది ఫిబ్రవరి 15లోపు పంపితే సరిపోతుంది, అందుకే తాజా నెలలు అందులో ఉండవు. మీ విషయంలో మే నుంచి ఇటు నెలలకు జీతపు చీటీలను జతచేయండి. చీటీలో ఆర్‌వీ (పింఛను బీమా) అన్న రెండక్షరాల పక్కన మీ జీతంలో 9.3 శాతం కోత కనిపిస్తుంది, యజమాని కూడా అంతే కడతారు. నా దరఖాస్తు చూసిన అధికారిణి పెన్సిల్‌తో ఒక్కొక్క నెల మీద గీత పెడుతూ లెక్కించారు, కాబట్టి చీటీలను నెలల వరుసలో పెట్టి ఇవ్వండి.

జవాబు 2 (ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి)

మీరు రాసింది గోథె సంస్థ నిర్వహించే బీ1 అనుకుంటున్నాను. అలా అయితే నాలుగు భాగాలూ వేటికవే, ఒక్కోదానిలో నూటికి 60 రావాలి, పోయిన భాగం ఒక్కటే మళ్లీ రాయవచ్చు. నాకు కూడా మొదటిసారి మాట్లాడే భాగమే పోయింది. ఎక్కడ పోయిందో ఆలోచిస్తే, పక్కన కూర్చున్న అభ్యర్థితో కలిసి ఒక కార్యక్రమం ఏర్పాటు చేసుకోవాల్సిన మొదటి అంశంలో నేను కంఠస్థం చేసుకున్న వాక్యాలు గబగబా చెప్పేశానే కానీ, ఆయన ఏమన్నారో వినలేదు. ఆయన శనివారం కుదరదన్నారు, నేనేమో శనివారం ఏ బస్సులో వెళ్దామో చెబుతూ పోయాను. రెండోసారి పక్కనున్నవారి మాట అందుకుని, అది కుదరకపోతే ఆదివారం ఎలా ఉంటుందని అడగడం మొదలుపెట్టాక 78 మార్కులు వచ్చాయి. ప్రసంగంలో మీ దేశంలో ఈ విషయం ఎలా ఉంటుందో చెప్పమనే ఒక స్లయిడు ఉంటుంది. అక్కడ మీ ఊరి సంగతే చెప్పండి, మాటలు వాటంతటవే వస్తాయి.

భాషతో పాటు జర్మనీ చట్టాలు, సమాజం గురించిన పరీక్ష కూడా ఉంది, అది మరవకండి. 33 ప్రశ్నలు, గంట సమయం. పీఆర్‌కు 15 సరైన జవాబులు చాలు, కానీ పౌరసత్వానికి 17 కావాలి కాబట్టి ఇప్పుడే 17 దాటేలా చదువుకుంటే ఆ పని కూడా అయిపోతుంది. ప్రశ్నలన్నీ ముందే ప్రచురించిన 310 ప్రశ్నల పట్టిక నుంచే వస్తాయి.

మీ భార్య విషయానికి వస్తే, మీకు 18సి కింద పీఆర్ వచ్చాక ఆమెకు ప్రత్యేక దారి తెరుచుకుంటుంది. ఆమె నివాస అనుమతికి మూడేళ్లు నిండాలి, మీ ఇద్దరూ కలిసి ఉండాలి, వారానికి కనీసం 20 గంటలు పని చేస్తుండాలి, బీ1 ఉండాలి, పైన చెప్పిన పరీక్ష కూడా ఉండాలి. 60 నెలల పింఛను చందా అన్న సాధారణ షరతు ఆమెకు వర్తించదు. ఆ లెక్కన 2027 జనవరి నాటికి ఆమె సిద్ధంగా ఉండవచ్చు. దయచేసి ఆమెను ఇప్పుడే బీ1 తరగతుల్లో చేర్చండి. మా ఇంట్లో నా భర్త భాషను నేను పట్టించుకోకుండా ఏడాదిన్నర పోగొట్టుకున్నాం.

జవాబు 3 (బెర్లిన్ నుంచి)

తండ్రిగారి ఆరోగ్యం గురించి రాశారు కాబట్టి ఇది చెప్పాలనిపించింది. పీఆర్ వచ్చాక కూడా సాధారణంగా ఆరు నెలలకు మించి జర్మనీ బయట ఉంటే అది రద్దవుతుంది. కానీ బ్లూ కార్డుపై ఉన్నంతకాలం ఆ కార్డు ఉన్నవారికీ, వారి కుటుంబ సభ్యులకూ ఆ గడువు 12 నెలలు. మా అమ్మగారి చివరి రోజుల్లో నేను రాజమండ్రిలో ఎనిమిది నెలలు ఉండగలిగింది ఈ నియమం వల్లే. తల్లిదండ్రులు ఒంటరిగా ఉన్న మనబోటివారికి ఇది చాలా విలువైన వెసులుబాటు, అయినా దీని గురించి మాట్లాడుకునేవారు తక్కువ.

దరఖాస్తుకు చాలా కార్యాలయాలు మీ ఉద్యోగం కొనసాగుతోందని యజమాని ఇచ్చే లేఖ, ఇంటి అద్దె ఒప్పందం, ఆరోగ్య బీమా పత్రం కూడా అడుగుతాయి. రుసుము 113 యూరోలు.

ప్రశ్న అడిగినవారి స్పందన

మీ అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు ఇప్పుడు పొద్దున్నే లకారం చెరువు దాకా నడుస్తున్నారు. మీ లెక్క చూశాక జీతపు చీటీలన్నీ తీసి నేల మీద పరిచాను. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ చీటీల్లో ఆర్‌వీ దగ్గర సున్నాలే ఉన్నాయి, కనుక 22 నెలలే సరైనవి. బీమా చరిత్ర పత్రానికి అభ్యర్థన పంపాను. మాట్లాడే భాగానికి జనవరిలో తేదీ దొరికింది, నా భార్య ప్రతి రాత్రి భోజనమయ్యాక ఎదురుగా కూర్చుని శనివారం కుదరదని చెప్పడానికి ఒప్పుకుంది.